లోహపు యోయో మంచిచెడ్డలు తేల్చేదెలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు మొన్న సెలవుకు వచ్చినప్పుడు వాడికి ఒక లోహపు యోయో తెచ్చిచ్చాడు. అల్యూమినియం ఒంటికి అంచుల్లో స్టీలు కడియాలు బిగించినదట. మన డబ్బుల్లో దాదాపు 10 వేలు. కిందికి విసిరితే చాలాసేపు తిరుగుతుంది గాని, ఎంత లాగినా చేతికి రాదు. తిరిగేటప్పుడు గోరు ఆనిస్తే సన్నగా అదురుతుంది. వీధి చివర బొమ్మల కొట్టాయన చూసి చెడిపోయిన సరుకన్నాడు. ఇది అంత ఖరీదు చేసే వస్తువేనా, లేక వెనక్కి పంపించమంటారా?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వెనక్కి పంపకండమ్మా. లాగితే పైకి రాకపోవడం ఆ యోయోలో లోపం కాదు, దాన్ని అలా ఉండాలనే తయారుచేశారు. కొట్టాయన ఎరిగినవి ప్లాస్టిక్ యోయోలై ఉంటాయి. వాటిలో దారం తిరిగే సందు ఇరుకు కాబట్టి, కాస్త లాగగానే దారం గోడలకు పట్టుకుని చుట్టుకుంటుంది. మీవాడి యోయోలో ఇరుసు మీద బాల్ బేరింగు ఉంటుంది, సందు నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, దారాన్ని పట్టవలసిన సిలికాన్ ప్యాడ్లు గోడ మట్టానికి అణగి ఉంటాయి. అందువల్ల దారాన్ని మూడు నాలుగు మడతలుగా సందులో వేసి ఆడినా అది తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. పాత రకంతో ఆ విన్యాసం మొదలుపెడితే యోయో మధ్యలోనే ఎగిరివచ్చి వేళ్లకు తగులుతుంది.

దీన్ని చేతికి రప్పించే పద్ధతిని ఆటగాళ్లు ‘బైండ్’ అంటారు. యోయో కింద తిరుగుతుండగా దారానికి మధ్యలో రెండో చేతి చూపుడువేలు అడ్డుపెట్టి, యోయోను ఆ వేలి చుట్టూ ఊపి, వేలికీ విసిరిన చేతికీ నడుమ ఉన్న దారం మీద దించాలి. తరువాత వేలి దగ్గర ఏర్పడిన మడతను బొటనవేలితో కలిపి పట్టుకుని, విసిరిన చేతిని పైకి లాగితే ఆ మడత సందులోకి పోతుంది. అక్కడ దారం గుబురై రెండు ప్యాడ్ల మధ్య ఇరుక్కున్న క్షణంలో మడతను వదిలేస్తే యోయో గట్టి చప్పుడుతో అరచేతిలోకి వస్తుంది. మడతను యోయో తిరిగే దిశకు అనుకూలంగా అందించడం ముఖ్యం, ఎదురుగా అందిస్తే జారిపోతుంది. మీ అబ్బాయికి ఇది రెండు మూడు సాయంత్రాల్లో పట్టుబడుతుంది.

ఇక ఖరీదు సంగతి. చాలామంది యోయో ఎంతసేపు తిరిగిందో గడియారం పెట్టి చూసి విలువ కడతారు. ఆ కొలత నాకు సరిపడదు. ప్రపంచ పోటీల తుది ఘట్టంలో ఒంటిచేతి దారపు ఆటకు ఇచ్చే సమయమే 3 నిమిషాలు, అందులోనూ ఆటగాడు ఎన్నోసార్లు యోయోను చేతికి రప్పించి మళ్లీ విసురుతాడు. కనుక ఊరకే వేలాడదీసినప్పుడు అది ఎంతసేపు తిరిగిందన్నది కాక, దారం గోడలకు రాసుకుంటున్నప్పుడు, విసురు కాస్త వంకరపోయినప్పుడు ఎంత నిలకడగా తిరుగుతుందన్నదే చూడాలి. దాన్ని నిర్ణయించేది ముఖ్యంగా బరువు ఎక్కడ ఉన్నదన్న విషయం.

మీ యోయో వ్యాసం సుమారు 56 మిల్లీమీటర్లు, బరువు 65 గ్రాముల ప్రాంతంలో ఉంటుందనుకుందాం. ఈ తరగతి యోయోలు చాలావరకు ఆ కొలతలకు దగ్గరగానే ఉంటాయి. తిరిగే వస్తువులో ప్రతి గ్రాముకూ ఉండే జడత్వం, అది ఇరుసుకు ఎంత దూరంలో ఉందో ఆ దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇరుసు నుంచి 13 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గ్రాము కంటే 26 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గ్రాము నాలుగు రెట్లు ఎక్కువగా తిరుగుడును నిలబెడుతుంది. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, స్టీలుది దాదాపు 8. అందుకే మధ్యభాగాన్ని వీలైనంత పలచగా తొలిచి, మిగిలిన బరువును స్టీలు కడియాలుగా అంచుకు చేరుస్తారు. ఈ యోయో ఖరీదులో పెద్ద భాగం ఈ పనికే పోతుంది. యోయోను రెండు సగాలుగా చేసి ఇరుసుతో బిగిస్తారు; కడియం వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా ఆ సగం పనికిరాదు.

అయితే అంచు బరువు పెరిగేకొద్దీ అంతా లాభమే అనుకోరాదు. బరువంతా అంచునే ఉన్న యోయో తన దారిని సులభంగా మార్చుకోదు. నేరుగా, వేగంగా సాగే పొడుగాటి విన్యాసాలకు అది చక్కగా సహకరిస్తుంది. దారం మీద దించి నెమ్మదిగా, మెత్తగా ఆడాలనుకునేవారికి మాత్రం అదే బరువు మొండితనంగా తోస్తుంది. అటువంటివారికి ఒకే లోహంతో చేసిన, బరువు కొంత లోపలికి జరిగిన యోయోయే ఎక్కువ ఆనందాన్నిస్తుంది. నా మట్టుకు నాకు, చేతికి తేలికగా తోస్తూనే తిరుగుడు నిలిచే ఆ రెండో రకమే మక్కువ. మీ అబ్బాయికి ఏది నచ్చుతుందో ఆడగా ఆడగా వాడికే తెలుస్తుంది.

ఆకారాన్ని కూడా చూడండి. సందు నుంచి అంచు దాకా గోడ ఏటవాలుగా, సూటిగా తెరుచుకుంటే దారానికి రాపిడి తక్కువ, యోయోను దారం మీదికి పట్టడం సులభం. గోడ గుండ్రంగా ఉబ్బి ఉంటే అరచేతిలో హాయిగా ఇముడుతుంది గాని, కాస్త వంగగానే దారం గోడకు తగిలి వేగం పడిపోతుంది. పక్కభాగంలో నడుమ నున్నని గుంట ఉన్నదంటే, యోయోను వేలికొన మీద నిలిపి తిప్పే విన్యాసం కోసం దాన్ని అక్కడ పెట్టారన్నమాట.

గోటికి తగిలే అదురు గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న. దారం మీద తిరుగుతున్న యోయోను పక్క నుంచి చూస్తే అంచు గీత గీసినట్టు కనిపిస్తూ, గోరు ఆనించినప్పుడు మాత్రమే సన్నని అదురు తెలుస్తుంటే, అది ఆటను ఏమాత్రం చెడగొట్టదు. కంటికే మసకగా కనిపించేంత ఊగితే కారణం వెదకాలి. మొదట యోయోను విప్పి, బేరింగు తీసి మరొకటి వేసి చూడాలి. అప్పటికీ పోకపోతే మధ్యనున్న ఇరుసు మరను తిప్పి బిగించి చూడాలి. అదీ కాకపోతే కొత్త ఇరుసు వేయాలి. సాధారణంగా తప్పు ఈ మూడింటిలో ఒకదానిదే అవుతుంది. కడప బండల నేల మీద పడితే అంచుకు సొట్ట పడి మనసు చివుక్కుమంటుంది గాని, చిన్న సొట్ట వల్ల ఆట మారదు. అసలు నష్టం బిగింపులో జరుగుతుంది. ఇరుసు స్టీలుది, మర పడిన గోడ అల్యూమినియంది. పటకారు పెట్టి బిగిస్తే మర అరిగిపోయి ఆ సగం మళ్లీ పనికిరాదు. చేతి బిగువు చాలు.

దారం విషయంలో తల్లిగా మీరు ఒక కన్నేసి ఉంచండి. పాలియెస్టర్ దారమే వాడాలి. యోయోను నేలకు ఆనించి దారాన్ని బొడ్డు ఎత్తుకు కొలిచి కత్తిరించాలి. పోగులు లేచినా, నల్లబడి మెలి సడలినా వెంటనే మార్చాలి. ఎందుకంటే తెగిన దారంతో 65 గ్రాముల లోహం దూసుకుపోతే ఎదుటివారికి గాయమవుతుంది. గాలిపటాల మాంజా ఎట్టి పరిస్థితుల్లోనూ వాడనివ్వకండి, వేలు కోసుకుపోతుంది.

ఖరీదుకూ గెలుపుకూ ముడి లేదన్న మాట వాడికి చెప్పండి. 2014లో ప్రాగ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలో జెంట్రీ స్టైన్ గెలిచింది స్టీలు కడియాలు లేని, ఒక్క అల్యూమినియంతోనే చేసిన ‘షటర్’ అనే యోయోతో. అది మీవాడి యోయో కంటే చాలా చవక. అలాగని మీ తమ్ముడు వృథాగా ఖర్చుపెట్టాడని కాదు. చక్కగా చేసిన పనిముట్టు నేర్చుకునే వయసులో చేతికి రావడం మంచిదే.

ప్రశ్న: నేను ఐటీఐలో టర్నర్ ట్రేడు చదువుతున్నాను. గాజులమండ్యం పారిశ్రామికవాడలో మా మామయ్యకు లేతు షాపు ఉంది. బొంగరాలకు ములుకులు చేసిన చేతులతో యోయో ఒకటి చేసి చూడాలని ఉంది. వీలవుతుందా?
– ఒక విద్యార్థి, రేణిగుంట

జవాబు: వీలవుతుంది నాయనా, మొదలుపెట్టు. స్టీలు కడియాల జోలికి ఇప్పుడే పోకుండా 6061 రకం అల్యూమినియం రాడ్ తీసుకో. టైటానియం వద్దు. దాన్ని కోసేటప్పుడు వేడి పనిముట్టు కొసనే నిలిచిపోయి కొస త్వరగా అరిగిపోతుంది. ఇది మొదటి ప్రయత్నానికి పనికిరాని ఖర్చు. బేరింగు మాత్రం యోయోలకు ప్రత్యేకంగా అమ్మే ‘సి’ సైజుదే తెప్పించుకో. దాని లోపలి వ్యాసం 6.35, బయటి వ్యాసం 12.7, వెడల్పు 4.76 మిల్లీమీటర్లు. బేరింగు కూర్చునే పీఠాన్ని ఈ లోపలి వ్యాసానికి సరిగ్గా, చేత్తో నెడితే దిగేటట్టు తీయాలి. రెండు సగాల పీఠాల ఎత్తూ కలిపి బేరింగు వెడల్పును మించకూడదు, మించితే పీఠాలు ఒకదానికొకటి తగిలి బేరింగు వదులుగా ఆడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పీఠాన్నీ, ఇరుసు బిగించే ఎం4 (4 మిల్లీమీటర్ల) మర రంధ్రాన్నీ ఒకే బిగింపులో పూర్తిచేయడం. పీఠం తీశాక చక్కు (లేతులో ముక్కను పట్టి తిప్పే దవడలు) విప్పి, మళ్లీ బిగించి రంధ్రం వేస్తే రెండింటి కేంద్రాలు తప్పుతాయి, ఆ అదురు తరువాత ఏం చేసినా పోదు. మర పోయడానికి కూడా ట్యాప్‌ను చేత్తో పట్టి తిప్పకుండా లేతు రెండో కొసనున్న టెయిల్‌స్టాక్ ఆధారంతో నిటారుగా దించు. ప్యాడ్ల గాడిని, బయటి ఆకారాన్ని ఆ తరువాత తీసుకోవచ్చు. బరువు తూచేటప్పుడు రెండు సగాలనూ విడివిడిగా తూచి, తేడా వస్తే బరువెక్కువ ఉన్న సగంలో పక్కభాగాన్ని లోపలి నుంచి సన్నగా తొలుచు, అంచును మాత్రం ముట్టుకోకు.