నిద్రపోయే కుండీని కదపకు బిడ్డా

బిడ్డా,

తమ్ముని చేతికి రెండు గడ్డలిచ్చి పంపిన, పేపర్ల చుట్టి ఉన్నయ్, చూస్తే అల్లం ముక్కల లెక్కనే ఉంటయ్ గని వంటింట్ల పెట్టకున్రి. పోయిన జులైల బొగత జలపాతం చూడపోతుంటే తాడ్వాయి దాటినంక తల కిందికి వంచుకున్న తెల్లటి పూలగుత్తి చూసిన అన్నవు గద, ఫోటో పంపినవు గద, అదే ఇది. నేలల గడ్డ నుంచి మొలిచే ఆర్కిడ్ పూల మొక్క ఇది, జియోడోరం అంటరు, గ్రీకు భాషల భూమి ఇచ్చిన కానుక అని అర్థం. ఈ మధ్య దీన్ని యులోఫియా జాతిల కలిపిన్రు, ఎక్కడన్న వెతికితే రెండు పేర్లతోని వెతుకు.

అక్కడ్నే ఒకటి తవ్వుకొస్తే ఏమైతది పెద్దబాపు అని అడిగినవు, అప్పుడు ఫోన్ల సరిగ్గ చెప్పలే, ఇప్పుడు చెప్త. అది ఏటూరునాగారం అభయారణ్యం, అక్కడ మొక్క పీకుడు చట్టం ప్రకారం తప్పు. చట్టం లేకున్నా వద్దనే అంట. నేను వయసుల ఉన్నప్పుడు ఒక అడవిలకెల్లి ఒకటి తవ్వుకొచ్చిన, మస్తు సంబురపడ్డ, ఆ ఏడు ఆకులు బాగనే ఉన్నయ్, మళ్ల వానకాలం వరకు కుండీల మన్ను తప్ప ఏం లేదు. ఎందుకు చచ్చిందో అర్థం కానీకి నాకు చానా ఏండ్లు పట్టింది. ఆ పాపం ఇప్పటికీ యాదికొస్తది.

సంగతేందంటే ఆర్కిడ్ ఒక్కతే బతకది. దాని ఇత్తు దుమ్ము లెక్క ఉంటది, ఒక్క కాయల వేలకు వేలు ఉంటయ్ గని లోపట తిండి ఉండది, వడ్ల గింజల ఉన్నట్టు పిండి గిండి ఏం ఉండది. మట్టిల ఒక తీరు బూజు వచ్చి దానికి తిండి పెడితేనే మొలుస్తది, పెద్దగైనంక గూడ వేర్లల్ల ఆ బూజు తోడుంటది. 1899ల నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచ్ ఆయన ఇది కనిపెట్టిండు, 1922ల అమెరికాల నడ్సన్ అనేటాయన బూజు లేకుంట సీసాల చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించి చూపిచ్చిండు, ల్యాబులల్ల ఇప్పటికీ గట్లనే చేస్తరు. మనం ఇంట్ల అది చెయ్యలేం. తవ్వినప్పుడు ఆ మట్టి, ఆ బూజు అన్నీ తెగిపోతయ్. నేను పంపిన గడ్డలు అడవియి కాదు, ఒక దోస్తు తోటల పెరిగిన మొక్కకు నా కుండీల వేసిన పిల్లలు. అందుకే వాటితోని మా కుండీ మట్టి గూడ రెండు పిడికిళ్లు పంపిన, పారెయ్యకు, గడ్డ పక్కనే వెయ్.

మట్టి కుండీ తీస్కో, ప్లాస్టిక్‌ది వద్దు, లోతు తక్కువ వెడల్పు ఎక్కువ ఉండాలె. అడుగున గూనపెంక ముక్కలు పరిచి, రెండు పాళ్లు దొడ్డు ఇసుక, ఒక పాలు చెల్క మట్టి, ఒక పాలు బాగ కుళ్లిన ఆకు కలుపు, టేకు ఆకైనా మామిడి ఆకైనా సరే. రేగడి మట్టి మాత్రం ముట్టకు, వానకు బంక బంకై గడ్డ కుళ్లుతది. కోకోపీట్ గూడ వద్దు, అది తడి పట్టుకోని కూసుంటది. పచ్చి పెంట, యూరియా ఏం వెయ్యకు, ఆకు విచ్చినంక ఒక పిడికెడు వర్మీకంపోస్ట్ చాలు. ఇంకోటి, దుకాణపోడు బూజు మందు ఇస్తే మట్టిల పొయ్యకు, మంచి బూజు గూడ చస్తది.

మొలక కన్ను మీదికి ఉండేటట్టు పెట్టి రెండు ఇంచులు మించకుంట మన్ను కప్పు. మిరుగం కార్తె లోపల నాటు, ఇంకా వారం పది రోజులుంది. పొద్దటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ వచ్చే జాగ కావాలె, మీ ఇంటి ఎనుక సీతాఫలం చెట్టు కింద మంచిగుంటది. స్లాబు మీద పెట్టకు, మన దిక్కు ఎండకు కుండీ పెనం లెక్క కాలుతది. బోరు నీళ్లకు మన్ను మీద తెల్లగ ఉప్పు పేరుకుంటది గద, అది దీనికి పడది, డ్రమ్ముల పట్టిన వాన నీళ్లు పోస్తే మంచిది. వానకాలం రాత్రి టార్చ్ పట్టుకోని నత్తలు ఏరు, లేత పూకాడ దొరికితే పొద్దటికి మిగల్చయ్.

ఇగ అసలు మాట. దసరా దాటినంక ఆకులు పసుపుకొస్తయ్, నువ్వు భయపడి నీళ్లు ఎక్కువ పోస్తవు, నేనూ అట్లనే చేసిన. అది రోగం కాదు, ఆకులల్ల ఉన్న బలమంత గడ్డకు దిగుతున్నది. ఆకు తనంతట తాను ఎండి రాలేదాక కొయ్యకు, నీళ్లు మెల్లగ తగ్గించి ఆకు రాలినంక బంద్ చెయ్. మాఘంల మేడారం జాతరకు లక్షల మంది పోతరు గద, ఆ అడవుల గూడ అప్పుడు ఇది ఒక్క ఆకు లేకుంట మట్టి లోపట పండుకోని ఉంటది. నీ కుండీ గూడ అట్లనే ఆరు నెలలు ఖాళీగ కనపడ్తది. మరీ ఎండలు ముదిరినప్పుడు నెలకొకసారి చెయ్యి తడిపి చల్లినట్టు చల్లు, అంతే. కుండీ మీద పెయింటుతోని పేరు రాసి పెట్టు, ఎందుకంటే మా ఇంట్ల ఒక చలికాలం ఖాళీగ ఉంది గదా అని ఎవలో కొత్తిమీర చల్లి దినాం నీళ్లు పోసిన్రు, మూడేండ్ల గుంపు మెత్తగ కుళ్లిపోయింది. చెప్పకపోవుడు నా తప్పే.

మొదటి ఏడు పూలు రాకపోవచ్చు, ఆకులొస్తే చాలు. పూసినప్పుడు మాత్రం రోజూ చూడు బిడ్డా, పూకాడ గాలం లెక్క వంగి పూలన్నీ నేల దిక్కు చూస్తయ్, కాయ పట్టినంక అదే కాడ మెల్లగ నిక్కి నిలబడ్తది, ఇత్తులు గాలికి పోవాలె గద. ఎన్ని ఏండ్లు చూసినా అది చూస్తే నాకు నోట మాట రాదు. కాయ పగిలితే దులిపి ఆ కుండీ చుట్టే చల్లు, ఆ మట్టిల బూజు ఉంటే ఎప్పటికన్న ఒకటి లేవొచ్చు.

గుంపు కుండీ నిండేదాక, అంటే మూడు నాలుగేండ్లు, కదపకు. ఇడదీసేటప్పుడు గూడ ఒక్కో ముక్కకు రెండు మూడు గడ్డలు ఉండనియ్, కోసిన జాగకు పసుపు రాసి ఒక దినం నీడకు ఆరబెట్టి నాటు.

జులై చివరిదాక మొలక రాకుంటే తవ్వి చూడకు, నాకు ఫోన్ చెయ్, నేనే వచ్చి చూస్త.

మీ పెద్దబాపు
హన్మకొండ