తాడుకు ఇవతల నిలబడి రాయి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ ఊళ్లో సినిమా షూటింగ్ జరుగుతుంటే జనం ఎలా ఉన్నారో రాయాలన్న ఆలోచన చాలా మంచిది. కానీ "ఊరంతా పండగ వాతావరణం నెలకొంది" అని మొదలుపెట్టావు. రెండో పేరాలో జనం "పోటెత్తారు". మూడో పేరాలో సెల్ఫీల కోసం "ఎగబడ్డారు". ఈ మూడు మాటలూ ఏ ఊరికైనా, ఏ సినిమాకైనా, ఏ ఏడాదికైనా అతుకుతాయి. ఇంట్లో కూర్చుని కూడా రాసేయొచ్చు. నువ్వు మాత్రం వెళ్లి చూసొచ్చినదానివి. ఆ చూసిందేదీ కాగితం మీదికి రాలేదు, నా బాధ అదే.

ఊరంటే ఒక మనిషి కాదు కదా, దానికి ఒకటే స్పందన ఉండడానికి. షూటింగ్ అనగానే చుట్టూ తాడు కడతారు. ఆ తాడుకు మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, అది అతని దారికి అడ్డం వచ్చిందా, కట్టేముందు అతన్ని ఎవరైనా ఒక మాట అడిగారా? ఈ మూడూ తెలిస్తే అతని ముఖంలో ఆనందం ఉందో విసుగు ఉందో నీకు సగం తెలిసినట్టే. నీ వ్యాసంలో పదకొండుమంది అభిప్రాయాలు ఉన్నాయి. వాళ్లలో ఒక్కరైనా తాడుకు ఏ పక్క నిలబడ్డారో నువ్వు రాయలేదు.

ముందు జనాన్ని లెక్కపెట్టడం నేర్చుకో. "వేలాదిగా" అన్న మాట రాసేముందు తాడు పొడవు అడుగుల్లో అంచనా వెయ్యి, జనం ఎంత లోతుకు నిలబడ్డారో చూడు, రెండూ గుణించు. వదులుగా నిలబడితే మనిషికి పది చదరపు అడుగులు, భుజాలు రాసుకునేలా ఉంటే నాలుగున్నర. అరవై అడుగుల తాడు, పదిహేను అడుగుల లోతు అంటే తొమ్మిదివందల చదరపు అడుగులు. వదులుగా ఉంటే తొంభై మంది, కిక్కిరిసి ఉంటే రెండువందలు. చూసేవాడికి అదే జనసముద్రంలా కనిపిస్తుంది. ఈ లెక్క గంటకోసారి వేసి రాసుకో. పొద్దున్న తొమ్మిదికి రెండువందలున్నది మధ్యాహ్నానికి ఎనభైకి పడిపోతే నీ వ్యాసానికి అసలు ప్రశ్న దొరికినట్టు: మిగతావాళ్లు ఎందుకు వెళ్లిపోయారు?

ఎందుకంటే షూటింగ్ చూడడమంటే చాలావరకు ఎదురుచూడడమే. ఒక సన్నివేశాన్ని మొదట మొత్తం కనిపించేలా మాస్టర్ షాట్ తీస్తారు. తర్వాత ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని, ఆ తర్వాత క్లోజప్పులు, మళ్లీ అవతలి వైపు నుంచి అవన్నీ. కెమెరా దిక్కు మారిన ప్రతిసారీ లైట్లు, స్టాండ్లు, తెరలు, కెమెరా బండి నడిచే ట్రాలీ ట్రాక్ అన్నీ మారతాయి. ఆ మార్పుకు అరగంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. టేకు మాత్రం ఒకటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. రోజంతా పనిచేస్తే తెరమీదికి చేరేది మామూలుగా రెండు నుంచి నాలుగు నిమిషాలు, ఫైట్లయితే ఇంకా తక్కువ. ఇది తెలియని మనిషి "ఒకే డైలాగు ఇరవైసార్లు చెప్పించారు, హీరోకి నటన రాదేమో" అంటాడు. నువ్వు ఆ మాట అలాగే రాసి వదిలేశావు. ఆ మాట ఉంచు, అతను నిజంగానే అన్నాడు కాబట్టి. పక్కనే కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పు. లేకపోతే అతని అపోహ నీ అపోహ అవుతుంది.

ఇప్పుడు నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన దృశ్యం దగ్గరికి వస్తాను. "ట్రాఫిక్ ఆపడంతో ప్రజలు కొంత ఇబ్బంది పడ్డారు" అని రాశావు. ఆ "కొంత" దగ్గర ఆగి చూడు. రెండు చేతుల్లో సంచులతో ఒకామె తాడు దగ్గరికి వస్తుంది. ఇల్లు వీధికి అవతలే, కనిపిస్తూనే ఉంది. వాకీటాకీ పట్టుకున్న కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి "రెండే నిమిషాలమ్మా" అంటాడు. ఆమె సంచులు దించదు. రెండు నిమిషాలకి దించడమెందుకని. ఐదు నిమిషాలయ్యాక ఒకటి దించుతుంది. పదో నిమిషానికి రెండోది. ఇరవయ్యో నిమిషానికి గట్టు మీద కూర్చుంటుంది. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. టేకుకి రెండు నిమిషాలే కావాలి. మధ్యలో సూర్యుడికి మబ్బు అడ్డొచ్చింది. వెలుగు మారితే ముందు తీసిన షాటుతో ఇది అతకదు, కాబట్టి మబ్బు తొలగేదాకా ఆగారు. అది పోయేసరికి నేపథ్యంలో ఉండాల్సిన స్కూటర్ ఎవరో తీసేశారు, దాన్ని మళ్లీ అదే చోట పెట్టాలి. ఆమె సంచులు దించిన క్రమం, ఇటు ఆగిన కారణాలు, రెండూ పక్కపక్కన పెడితే పాఠకుడికి ఇద్దరి మీదా జాలి కలుగుతుంది. "ఇబ్బంది" అన్న మాట నువ్వు వాడక్కర్లేదు.

జనరేటర్ వ్యాన్ ఎక్కడ నిలిపారో తప్పకుండా చూడు. సన్నివేశం జరుగుతుండగానే మాటలు రికార్డు చేసే పద్ధతిలో, అంటే సింక్ సౌండ్‌లో, చుట్టుపక్కల చప్పుడు ఉండకూడదు. అందుకని జనరేటర్‌ను సెట్‌కు దూరంగా, వీలైతే ఒక మలుపు అవతల పెట్టి కేబుళ్లు లాక్కొస్తారు. ఫలితంగా షూటింగ్ ఏమాత్రం కనిపించని వీధిలోని ఇంటి ముందు రాత్రి రెండింటి దాకా ఇంజను మోగుతుంది. ఆ ఇంట్లోవాళ్లకు హీరో కనిపించడు, మోత వినిపిస్తుంది, పొగ వస్తుంది. నీ వ్యాసంలో ఆ వీధి లేదు. కేబుల్ వెంబడి నడువు. అది ఆగిన చోట తలుపు కొట్టు. ఊళ్లో అందరికంటే విలువైన మాట చెప్పేది ఆ ఇంటివాళ్లే కావచ్చు.

రాత్రి షూటింగ్ గురించి ఇంకొకటి. రోడ్డు మీద ట్యాంకరుతో నీళ్లు చల్లడం చూసి "నీళ్లు వృథా చేస్తున్నారు" అని ఒకాయన అన్నట్టు రాశావు. పొడి తారు వెలుగును మింగేస్తుంది, కెమెరాలో రోడ్డు నల్లటి గుంటలా పడుతుంది. తడిపితే దీపాలు దానిలో మెరుస్తాయి. అందుకే వాన పడని కథలోనూ వీధి తడిగా ఉంటుంది. కారణం చెప్పినంత మాత్రాన ఆయన కోపం తప్పయిపోదు. ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, నీళ్లు ఎక్కడివి, ఆ రోజు ఆ వీధి కుళాయి వచ్చిందా? ఈ మూడూ అడిగి తెలుసుకుంటే ఆయన మాట ఫిర్యాదు స్థాయి దాటి సమాచారమవుతుంది.

డబ్బు విషయం నువ్వు అసలు ముట్టుకోలేదు. మొహమాటం అనుకుంటాను. అది పోగొట్టుకో. జనం మధ్య చీలిక తెచ్చేది చాలాసార్లు డబ్బే. ఇల్లు వాడుకున్నందుకు ఇంటాయనకు అద్దె ముడుతుంది. అదే గోడకు ఆనుకుని ఉన్న పక్కింటికి ఏమీ రాదు, చప్పుడు మాత్రం ఇద్దరికీ సమానం. దుకాణం ముందు ట్రాక్ వేస్తే యజమానికి పరిహారం ఇవ్వొచ్చు, అందులో రోజుకూలీకి పనిచేసే మనిషికి ఆ రోజు కూలి వచ్చిందా లేదా ఎవరూ అడగరు. నువ్వు అడుగు. గుంపులో కనిపించడానికి పిలిచిన స్థానికులకు ఎంత అన్నారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు? రోడ్డు వాడుకోవడానికి అనుమతి ఎవరిచ్చారు, ఏ గంట నుంచి ఏ గంట దాకా? అనుమతి కాగితంలో పది గంటలని ఉండి పన్నెండున్నరకు ప్యాకప్ చెబితే ఆ రెండున్నర గంటలే నీ వార్త. ఒకరు చెప్పిన అంకె మీద ఆధారపడకు. ఇచ్చినవాళ్లనూ తీసుకున్నవాళ్లనూ వేర్వేరుగా అడుగు. రెండు అంకెలూ కలవకపోతే రెండూ వెయ్యి.

అడిగే తీరు కూడా మార్చుకోవాలి. "షూటింగ్ గురించి మీరేమంటారు?" అని అడిగితే ఎవరైనా "బాగుందండీ, మా ఊరికి పేరొస్తుంది" అంటారు. అది మర్యాద మాట, అంతకుమించి అందులో ఏమీ ఉండదు. "ఈ రోజు మీరు ఏ దారిన వచ్చారు? రోజూ ఆ దారేనా? షాపు ఎన్నింటికి తీశారు? పిల్లలు ఎన్నింటికి పడుకున్నారు?" అని అడుగు. రోజులో ఏం మారిందో చెప్పేటప్పుడు మనిషి అబద్ధమాడడు, అలంకారాలూ వాడడు. జవాబు చెబుతూ చెబుతూ తనే అభిప్రాయంలోకి వస్తాడు. అప్పుడు వచ్చిందే రాసుకో. చిన్నపిల్లల పేర్లు వెయ్యకు. సెట్‌లో విన్న కథ మలుపులు బయటపెట్టకు. యూనిట్‌లో లైట్‌మెన్‌తో, జూనియర్ ఆర్టిస్టులతో కూడా మాట్లాడు. తాడుకు అవతలివైపు ఉన్నా వాళ్లూ రోజంతా ఎండలో ఎదురుచూసేవాళ్లే.

కెమెరా ముందు మామూలు జనం ఎలా ఉంటారన్నది సినిమాతోపాటే పుట్టిన ప్రశ్న. 1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో తమ ఫ్యాక్టరీ గేటు ఎదుట కెమెరా పెట్టి పనివాళ్లు బయటికి రావడం తీశారు. నిమిషం కూడా లేని ఆ చిత్రం మూడు రూపాల్లో మిగిలింది. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం, ఇంకొకదాంట్లో రెండు, మరొకదాంట్లో గుర్రమే లేదు. మూడూ వరసగా చూడు. బట్టలు మారతాయి, నీడలు మారతాయి, మనుషులు మాత్రం కెమెరా లేనట్టే అటూ ఇటూ చీలి వెళ్లిపోతుంటారు. 1914లో చాప్లిన్ నటించిన "కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్" కూడా చూడు. వెనకాల నిలబడ్డవాళ్లు నటనకు పిలిచినవాళ్లు కారు, పిల్లల బుల్లికార్ల పందెం చూడ్డానికి వచ్చిన అసలు జనం. చాప్లిన్‌ను వదిలేసి వాళ్ల ముఖాలే చూడు. కొందరు పందెం వైపు, కొందరు ఇతని వైపు, కొందరు తిన్నగా మన వైపు చూస్తుంటారు. గుంపును ఒక్క క్రియాపదంతో ఎందుకు రాయకూడదో అక్కడ అర్థమవుతుంది.

నీ వ్యాసం ప్యాకప్‌తో ఆగిపోయింది. నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లు. కథకు తగ్గట్టు దుకాణాల బోర్డుల మీద వేరే బోర్డులు బిగించారు కదా, తీశాక గోడకు ఎన్ని మేకు రంధ్రాలు మిగిలాయో లెక్కపెట్టు. రంగు మార్చిన తలుపుకు పాత రంగు తిరిగి వేశారా? వేస్తే అది పాత రంగేనా, దగ్గరి రంగా? ఇంటావిడకు కొత్తదే నచ్చి ఉంచమని అని ఉండొచ్చు కూడా. చక్కగా పూర్వస్థితికి తెచ్చి వెళ్లిన యూనిట్ అయితే ఆ సంగతి కూడా అంతే స్పష్టంగా రాయి.

సినిమా విడుదలయ్యాక ఇంకో స్పందన వస్తుంది. ఎడిటింగ్‌లో ఒక వీధి మలుపు తిరిగిన కారు ఊరికి ఆ చివరున్న వీధిలో తేలుతుంది. బయటివాళ్లకు తెలియదు, ఊరివాళ్లు హాల్లో గొల్లుమంటారు. కొందరికి తమ ఊరు వేరే ఊరి పేరుతో కనిపించడం మనసుకు తగులుతుంది. ఆ తర్వాత వచ్చేవాళ్ల సంగతి మరీ ముఖ్యం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో షేక్‌స్పియర్, ఆండర్సన్ అవెన్యూలను కలిపే మెట్లదారి ఉంది. ఆ మెట్లు కనిపించిన "జోకర్" సినిమా 2019లో విడుదలయ్యాక అక్కడ ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్లతో, రోజూ ఆ మెట్లు ఎక్కి దిగే స్థానికులకు నడవడమే కష్టమైంది. స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అని సుమారు నాలుగువందల మంది ఉండే పల్లె. ఒక కొరియన్ సీరియల్‌లో అక్కడి చిన్న రేవు కనిపించాక జనం తాకిడి తట్టుకోలేక 2023లో దానికి గేటు పెట్టి మనిషికి ఐదు ఫ్రాంకులు తీసుకోవడం మొదలుపెట్టారు. షూటింగ్ కొద్దిరోజుల్లో అయిపోతుంది, దాని వెనకాల వచ్చేవాళ్లు ఏళ్లపాటు వస్తారు. ఆరునెలల తర్వాత మళ్లీ వెళ్లేందుకు ఇప్పుడే నీ డైరీలో తేదీ రాసుకో.

రెండో ప్రతిలో మొదటి మూడు పేరాలు తీసెయ్. సంచులామెతో మొదలుపెట్టు, గడియారం చూసి నిమిషాలతో సహా. పదకొండుమందిలో నలుగురిని ఉంచు, ఒక్కొక్కరు తాడుకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో చెప్పు. జనరేటర్ వీధి ఒక పేరాకు తగ్గకూడదు. హీరో పేరు ఒక్కసారి చాలు. పంపేటప్పుడు గంటగంటకూ వేసిన జనం లెక్క కాగితం కూడా జతచెయ్యి, వ్యాసంతోపాటు అదీ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన