పాటకు ఏ రకం వీడియో?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది నలుగురి బ్యాండ్. 4 నిమిషాల పాట రికార్డింగ్ పూర్తయింది. వీడియో తీద్దామంటే ఒకరు పెర్ఫార్మెన్స్ అంటారు, ఒకరు కథ అంటారు, ఇంకొకరు కాన్సెప్ట్ అంటారు. వీటికి తేడా ఏమిటి? కొత్తవాళ్లకు ఏది నయం?

జవాబు: కష్టమంతా ఎక్కడ పడుతుందో చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. పెర్ఫార్మెన్స్ వీడియోలో భారమంతా షూటింగ్ రోజుదే. బ్యాండ్ వాయిస్తుంటే, గాయకులు పాడుతుంటే పట్టుకోవడమే పని. కథా వీడియోలో భారం స్క్రిప్టుది. డైలాగు లేకుండా, పాట అయిపోయేలోపు ఒక మనిషి పరిస్థితి మారినట్టు చూపించాలి. కాన్సెప్ట్ వీడియోలో కథ ఉండదు, దృశ్యపరంగా ఒకే ఆలోచన ఉంటుంది. ఆ ఆలోచన పాట పొడవునా పెరుగుతూ పోవాలి. చాలా కాన్సెప్ట్ వీడియోలు రెండో చరణానికే చప్పబడిపోవడానికి కారణం, ఆలోచన మొత్తాన్నీ పల్లవిలోనే ఖర్చు పెట్టేయడం.

మొదటి వీడియోకు మా ఓటు పెర్ఫార్మెన్స్‌కే. పాటను ముక్కలుగా తీయకండి. రికార్డు చేసిన పాటను వినిపిస్తూ, మొదటి నుంచి చివరి దాకా ఒక్కో సైజులో ఒక్కో టేక్ తీయండి: అందరూ కనిపించే వైడ్ ఒకటి, గాయకుడి మిడ్ (నడుము నుంచి పైకి) ఒకటి, క్లోజప్ ఒకటి, మిగతా ముగ్గురికి తలా ఒకటి, వేళ్లు, వాయిద్యాల కోసం ఇంకొకటి. 7 టేకులంటే 28 నిమిషాల ఫుటేజి. ఎడిటింగ్‌లో ఏ క్షణంలోనైనా మార్చుకోవడానికి మరో షాట్ దొరుకుతుంది.

నకిలీ అని పట్టించేవి చిన్న విషయాలే. ఎలక్ట్రిక్ గిటారుకు కేబుల్ లేకపోవడం ఒకటి. డ్రమ్మర్ శబ్దం రాకూడదని మెల్లగా తట్టడం రెండోది. డ్రమ్ముల మీద మ్యూట్ ప్యాడ్లు వేసి, చెయ్యి పూర్తిగా ఎత్తి కొట్టమనండి. గాయకుడు నిజంగా గొంతెత్తి పాడాలి. పెదవులు మాత్రమే కదిపితే మెడ నరాలు కదలవు, క్లోజప్‌లో అది దాగదు.

కథే కావాలనుకుంటే, సాహిత్యంలో ఉన్నదాన్ని మళ్లీ బొమ్మ కట్టకండి. పాటలో వాన వినిపిస్తుంటే తెర మీద కూడా వానే చూపడం వృథా. కథ పాట నిడివిలోనే ఇమడాలన్న నియమమూ లేదు. 1983లో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో దాదాపు 14 నిమిషాలు. కథ కోసం పాటను మధ్యలో ఆపారు కూడా.

ప్రశ్న: ఫోన్‌తో తీశాం. మొదట్లో పెదవులు, పాట కలిసే ఉంటున్నాయి. చివరికి వచ్చేసరికి తప్పిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటే క్లిప్పును ముందుకో వెనక్కో జరిపితే చాలు. పోనుపోను పెరుగుతోందంటే ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు, తీస్తుందన్న లెక్క) అనుమానించాలి. చాలా ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేటును మార్చేస్తుంటాయి. ఆ ఫైలును నేరుగా టైమ్‌లైన్ మీద (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరుసగా పేర్చే చోట) వేయకుండా, ముందు హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. రెండో కారణం, సెకనుకు 24 ఫ్రేములతో తీసిన క్లిప్పును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో 23.976గా చదివించడం. తేడా వెయ్యింట ఒక వంతే. కానీ 4 నిమిషాలకు అది 0.24 సెకను, అంటే దాదాపు 6 ఫ్రేములు. రెండు ఫ్రేములు దాటితే చాలు, చాలామంది కళ్లు పట్టేస్తాయి.

షూటింగ్‌లో వినిపించిన ఫైలూ, ఎడిటింగ్‌లో వాడే ఫైలూ ఒక్కటే కావాలి. 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు వాడండి. ఎంపీ3గా మార్చితే మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరే అవకాశం ఉంది. పాటకు ముందు అదే టెంపోలో (వేగంలో) 4 క్లిక్కులు పెడితే అందరూ ఒకేసారి అందుకుంటారు, సింక్ చేయడానికీ (బొమ్మనూ పాటనూ కలపడానికీ) గుర్తు దొరుకుతుంది.

ఇంకో చిక్కు దూరంతో వస్తుంది. స్పీకరు గాయకుడి దగ్గర, కెమెరా 34 మీటర్ల అవతల ఉంటే శబ్దం కెమెరా మైకును చేరేసరికి 0.1 సెకను పడుతుంది. ఆ మైకు శబ్దాన్ని నమ్మి సింక్ చేస్తే బొమ్మ రెండున్నర ఫ్రేములు తప్పుతుంది. అలాంటి షాట్లను కంటితోనే కలపాలి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా మూసుకుంటాయి. ఆ అక్షరాలున్న మాట వెతికి, పెదవులు మూసుకున్న ఫ్రేమును దానికి కలపండి.

ప్రశ్న: మనిషి స్లో మోషన్‌లో నడుస్తున్నా పెదవులు మాత్రం పాటకు సరిగ్గా కదులుతాయి. అదెలా తీస్తారు?

జవాబు: పాటను వేగం పెంచి వినిపిస్తారు. సెకనుకు 48 ఫ్రేములతో తీస్తూ, పాటను 200 శాతం వేగంతో పెట్టి పాడిస్తారు. ఆ క్లిప్పును 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో నడిపితే పెదవులు మామూలు వేగానికి వస్తాయి. జుట్టు, బట్టలు, నడక మాత్రం నెమ్మదిస్తాయి. వేగం పెంచేటప్పుడు శ్రుతి మారకుండా ఉంచే ఆప్షన్ పెట్టండి, లేకపోతే గాయకులు తికమకపడతారు.

రెట్టింపు వేగంలో ద్రుతమైన పాటకు నోరు తిరగదు. అప్పుడు 36 ఫ్రేములు, 150 శాతం వాడండి. కెమెరాలో 60 ఫ్రేములే ఉంటే టైమ్‌లైన్‌ను 30కి పెట్టుకుంటే లెక్క మళ్లీ 200 శాతమే. షట్టర్ వేగమూ రెట్టింపవుతుంది కాబట్టి వెలుతురు ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు కావాలి. మొత్తం పాట ఈ పద్ధతిలో తీయకండి. ఒక్కో పాదం నేర్పించి, ఒక్కో పాదమే తీయండి.

ప్రశ్న: లిరికల్ వీడియోలో తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి, ఒత్తులు పక్కకు పోతున్నాయి. ఫాంట్ మార్చినా అంతే.

జవాబు: తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (యానిమేషన్ సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి, టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చండి. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచి, సాహిత్యాన్ని యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయండి.

అప్పటికీ విడిపోతుంటే యానిమేషన్ అక్షరం వారీగా పెట్టి ఉంటారు. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్లలో ఒక్కో అక్షరం ఎగిరొచ్చి నిలబడుతుంది. అదే టెంప్లేటులో ‘స్త్రీ’ పెడితే ఒత్తులు ఒక దారి, గుడి దీర్ఘం ఒక దారి అవుతాయి. రేంజ్ సెలెక్టర్‌లో (కదలిక దేనికి వర్తించాలో చెప్పే సెట్టింగులో) క్యారెక్టర్లకు బదులు వర్డ్స్ ఎంచుకోండి. తెలుగుకు ఎప్పుడూ మాట వారీ కదలికే క్షేమం, చూడ్డానికి అందం కూడా. ఒత్తులు కిందకి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకంటే ఎక్కువ ఉంచండి. మాట ఫేడ్ అయ్యే బాక్సు అంచున ఒత్తు తెగిపోతోందేమో కూడా చూసుకోండి.

మాట గొంతు కంటే 2, 3 ఫ్రేములు ముందు తెర మీదకు రావాలి. తర్వాత వస్తే ఎంత అందమైన డిజైనైనా ఈడ్చినట్టుంటుంది.

ప్రశ్న: స్టాప్ మోషన్‌లో (వస్తువులను కొద్దికొద్దిగా కదుపుతూ ఫోటోలు తీసి కలిపే పద్ధతిలో) 3 నిమిషాల పాటకు ఎన్ని ఫోటోలు కావాలి? పరీక్షగా తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటోంది.

జవాబు: 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక్కో ఫోటోను 2 ఫ్రేములు నిలిపితే సెకనుకు 12, అంటే 3 నిమిషాలకు 2,160 ఫోటోలు. పల్లవి ప్రతిసారీ ఒకేలా వాయిస్తే కొన్ని కదలికలను మళ్లీ వాడుకోవచ్చు.

తీసే ముందు టెంపో లెక్క వేసుకోండి. 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్ల) పాటకు 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక్కో బీటు 14.4 ఫ్రేములు, ఏ ఫోటోకూ సరిగ్గా కుదరదు. అదే టైమ్‌లైన్‌ను 25 చేస్తే బీటుకు సరిగ్గా 15 ఫ్రేములు. ఫోటోను 3 ఫ్రేములు నిలిపితే బీటుకు 5 కదలికలు. కదలిక కాస్త కుదుపుగా ఉన్నా తాళం మీద పడుతుంది, ఫోటోలూ 1,500కు తగ్గుతాయి.

మినుకుమనడానికి కారణం ఆటోమేటిక్ సెట్టింగులు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టండి. కిటికీలన్నీ మూసి లైట్లతోనే తీయండి. షట్టరును సెకనులో పదో వంతుకు దించితే కరెంటు లైట్ల అదురు పట్టదు. అయినా మినుకుమంటే లెన్సు ప్రతి ఫోటోకూ కన్నం (అపర్చర్) కొంచెం తేడాగా మూస్తోందన్నమాట. అపర్చరును చేత్తో తిప్పే పాత తరహా లెన్సు వేస్తే ఆ సమస్య ఉండదు.

ప్రశ్న: అడ్డంగా తీసిన వీడియోను రీల్స్ కోసం నిలువుగా కోస్తే మనుషులు తెగిపోతున్నారు.

జవాబు: 16:9 నుంచి 9:16 కోస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. 4కేలో తీస్తే కోసినా 1,215 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, నాణ్యత సరిపోతుంది. ఫ్రేమింగే సమస్య. మానిటర్ మీద నిలువు ఫ్రేము అంచులు పడే చోట టేపు అంటించి గాయకుడి క్లోజప్‌లను మధ్యలో పట్టండి. డ్యాన్స్ వీడియోకు ఈ పద్ధతి పనికిరాదు, చేతులు చాచగానే బయటకు పోతాయి. దానికి నిలువు టేక్ విడిగా తీయాల్సిందే, అదీ పాదాలు కనిపించేలా.