బండలాగుడు గేమ్ తీస్తానంటున్న మేనకోడలికి

పాపా,

నువ్వు గేములు తీయడం నేర్చుకుంటున్నావని, బండలాగుడు పోటీ మీద వందమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ గేమ్ మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఒంగోలు గిత్తల మీద గేమ్ తీయాలని నీకు తోచినందుకు ఎంత పొంగిపోయానో! వందమంది అనేసరికి మాత్రం గుండె జారింది.

గేములు తీసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ వేసుకో. ఉచితం, మీ పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. నీకు పైథాన్ వచ్చు కాబట్టి అందులో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్ తొందరగానే పట్టుబడుతుంది. కోడ్‌లో చేసిన మార్పులు దాచిపెట్టే గిట్ మొదటిరోజు నుంచే వాడు.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. నా దగ్గర పనిచేసిన కావలి ఊరి కుర్రాడొకడు ఎడ్లపందెం గేమ్ తీశాడు. ఏడాదిపాటు గది తలుపేసుకుని చేశాడు, ఒక్కరికీ చూపలేదు. ఫ్రేముకి, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, 5 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) చొప్పున బండి కదిలేలా రాసుకున్నాడు. వాడి కంప్యూటర్లో సెకనుకి 60 ఫ్రేములు, అంటే 300 పిక్సెళ్లు. చూడముచ్చటగా నడిచింది. సంక్రాంతికి బంధువులింట్లో కొత్త కంప్యూటర్లో పెట్టాడు. అది సెకనుకి 144 ఫ్రేములది. బండి సెకనుకి 720 పిక్సెళ్లు దూకింది. ఆడుతున్న పిల్ల మీట నొక్కేలోపే పందెం అయిపోయింది. అందరూ నవ్వారు. మళ్లీ దాని జోలికి పోలేదు వాడు. ఎంత తెలివైనవాడో! సెకనుకి 300 అని రాసి, గోడో ఇచ్చే డెల్టాతో, అంటే కిందటి ఫ్రేమ్ నుంచి గడిచిన కాలంతో, గుణించి ఉంటే సరిపోయేది. మొదటివారంలో ఇంకొకరి కంప్యూటర్లో పెట్టి చూసినా బయటపడేది.

నువ్వూ తలుపేసుకునే దానివే. చిన్నప్పుడు బొమ్మలేసి పరుపు కింద దాచేదానివి. అందుకే నా భయం.

ఆన్‌లైన్ సంగతి ఇప్పుడొద్దు. ఒక జత, ఒక బండ, ఒక మీట. ఇచ్చిన టైములో ఎంత దూరం లాగాయన్నదే గెలుపు. ఊళ్లో పందెం రూలే నీ ఆటకీ చాలు. అది కాగానే పక్కింటి పిల్లల చేతికివ్వు. ఎలా ఆడాలో చెప్పొద్దు, వేలు ఎక్కడ తడబడుతుందో చూస్తూ కూర్చో. తర్వాత గేములు పెట్టే సైట్ ఇచ్.ఐఓలో పెట్టు, పైసా కట్టక్కర్లేదు. గేములు అమ్మే స్టీమ్‌లో అయితే గేముకి 100 డాలర్లు కట్టాలి. దానికి తొందరేం లేదు.

రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావట. చెవి మెలేస్తాను! కళ్లు జాగ్రత్త తల్లీ.

ఆదివారం ఒంగోలు వస్తున్నాను. నా ల్యాప్‌టాప్ కూడా తెస్తా, నీ గేమ్ అందులో వేసి చూద్దాం. ఎంతవరకైతే అంతవరకే చూపించు.

మీ మామయ్య