వాలిపోయిన కోడిపిల్ల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న కోడిపిల్లల గురించే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి, ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాను.

ప్రశ్న: మూడు రోజుల పిల్లలు పద్నాలుగు తెచ్చుకున్నాం. అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి, పైన బల్బు వెలిగించి ఉంచాం. మర్నాడు పొద్దున్నకే ఒకటి చనిపోయింది. ఇంకో రెండు రెక్కలు వాల్చేసి, కళ్ళు మూసుకుని మూలన నిలబడి ఉంటున్నాయి. ఉడికించిన గుడ్డు సొన మెదిపి నోట్లో పెడితే మింగడం లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. వాటికి బలం రావాలంటే ఏం పెట్టాలి?

జవాబు: అమ్మా, ఆ సొన గిన్నె కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక పిల్లని చేతిలోకి తీసుకుని దాని పాదం మీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే దాన్ని ముందు పట్టుకున్నది చలి. చలిపట్టిన పిల్లకి కడుపులో ఏది వేసినా అరగదు, అందుకే మింగడం లేదు. దానికి ముందు కావలసింది వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే మేత. ఈ వరస తప్పితే ఎంత ప్రేమగా చూసుకున్నా పిల్ల దక్కడం కష్టం.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాను. బల్బు వెలిగించామన్నారు. ఏ బల్బు? ఇప్పుడు ఇళ్ళలో ఉండేవి దాదాపు అన్నీ ఎల్‌ఈడీ బల్బులే. అవి వెలుగిస్తాయి గానీ కిందున్న పిల్లకి వేడి అందించవు. పెట్టెలో చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. లోపల తీగ వెలిగే పాతరకం 60 వాట్ల బల్బు గానీ, పిల్లల కోసమే అమ్మే హీట్ ల్యాంప్ గానీ కావాలి. కోడిపిల్ల ఒంటి మీద మొదట ఉండేది నూగే, ఈకలు కావు. మొదటి పది పదిహేను రోజులు తన ఒంటి వేడిని తను నిలబెట్టుకోలేదు. తల్లి రెక్కల కింద దూరేది అందుకే. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ వరకూ ఉండాలి. ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి.

థర్మామీటర్ పెట్టుకుంటే మంచిదే. కానీ దానికన్నా ముందు పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా చేరి, ఆపకుండా గట్టిగా అరుస్తున్నాయంటే చలి. బల్బుకి దూరంగా గోడలకి అంటుకుని నోళ్ళు తెరిచి వగరుస్తున్నాయంటే వేడి ఎక్కువైంది. పెట్టె అంతా చెదురుగా తిరుగుతూ, మెల్లగా కిచకిచలాడుతుంటే సరిపోయింది. బల్బు మధ్యలో కాకుండా ఒక చివర కట్టండి. అప్పుడు రెండో చివర చల్లగా ఉంటుంది, ఏది కావాలో పిల్లే వెతుక్కుంటుంది. బల్బుని కరెంటు తీగతోనే వేలాడదీయకండి. ఇనుప తీగతో ఒకసారి, గొలుసుతోనో తాడుతోనో ఇంకోసారి విడిగా కట్టండి. అది ఊడి అట్ట మీదో గుడ్డ మీదో పడితే నిప్పంటుకుంటుంది.

ఇక ఆ నీరసించిన రెండింటి సంగతి. బల్బు సర్దేదాకా ఆగకండి. వేడినీళ్ళ సీసాకి మందపాటి తువ్వాలు చుట్టి దాని పక్కన పడుకోబెట్టండి, లేదా రెండు అరచేతుల మధ్య ఉంచి గుండెకి ఆనించుకుని కూర్చోండి. అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. తొందరపడి మరీ వేడి తగిలించకండి. ఒళ్ళు వెచ్చబడటం మీ చేతికే తెలుస్తుంది. ముందు గోళ్ళు మీ వేలిని సన్నగా పట్టుకుంటాయి. తర్వాత ఒక కన్ను తెరుచుకుంటుంది. కాసేపటికి చిన్నగా ‘కియ్’మంటుంది. ఆ గొంతు వినబడ్డాకే నీళ్ళు.

గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చిన్న చెంచా పంచదార కలపండి. నోరు తెరిచి పొయ్యకండి. నేను పిల్లల్ని పెంచడం మొదలుపెట్టిన కొత్తలో, ఇలాగే వాలిపోయిన ఒక నల్లపిల్లకి డ్రాపర్‌తో నీళ్ళు నేరుగా గొంతులోకి వదిలాను. పక్షికి ఊపిరి పీల్చే రంధ్రం నాలుక వెనకే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. రెండుసార్లు మెడ చాచి నోరు తెరిచింది, ముక్కురంధ్రంలోంచి నీటిబుడగ వచ్చింది, ఇక కదల్లేదు. అప్పటికే నా చేతిలో ఒళ్ళు వెచ్చబడిన పిల్ల అది. బతికేది. అందుకే ఈ మాట ప్రతిసారీ రాస్తాను, ఎన్నిసార్లయినా రాస్తాను.

మీ వేలి కొసన ఒక చుక్క తీసుకుని ముక్కు పక్క అంచుకి తాకించండి, చాలు. చుక్క ఆ అంచున వణుకుతూ నిలుస్తుంది. పిల్ల ముక్కు కొద్దిగా కదిపి దాన్ని లోపలికి లాక్కుంటుంది, తల పైకెత్తి మింగుతుంది. మింగడం మీ కంటితో చూశాకే రెండో చుక్క. మొదటి రెండు మూడు గంటలు పావుగంటకోసారి ఇలా పట్టండి. తల నిలబెట్టగలిగాక ముక్కు కొసని నీళ్ళపళ్ళెంలో ముంచి చూపిస్తే తనే తాగడం నేర్చుకుంటుంది. పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యండి. నీరసపు పిల్ల వేలు లోతు నీళ్ళలో పడినా లేవలేదు. ఒక్క రోజు గడిచాక పంచదార ఆపి మామూలు నీళ్ళు పెట్టండి.

గుడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు మిగిలిన సొనని పిల్ల పొట్టలోకి లాక్కుంటుంది. దాంతో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు మేత లేకపోయినా గడుపుతుంది. మీవాటికి ఆ నిల్వ అయిపోయే ఉంటుంది కాబట్టి, ఒళ్ళు వెచ్చబడి నీళ్ళు తాగాక మేతకి ఆలస్యం చెయ్యకండి. కోడిపిల్లల కోసమే అమ్మే స్టార్టర్ దాణాని గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా తడిపి, దానిలో మీరు మెదిపిన సొన చిటికెడు కలపండి. నోట్లో కుక్కకండి. పిల్ల ముందు పెట్టి మీ చూపుడువేలి గోరుతో టకటకా పొడవండి. తల్లికోడి చేసేది అదే, పిల్ల మీ గోటిని చూసి తనూ పొడుస్తుంది. రాత్రికి మెడ మొదట్లో, కొంచెం కుడివైపుకి, వేలితో మెల్లగా తడిమి చూడండి. అక్కడి చిన్న సంచి మెత్తగా నిండి ఉంటే తిన్నట్టే. చదునుగా ఉంటే కడుపు ఖాళీ అన్నమాట.

ఇంకొకటి, తోక కింద చూశారా? చలిపట్టిన పిల్లలకీ ప్రయాణం చేసొచ్చిన పిల్లలకీ రెట్ట అక్కడే అంటుకుని, గట్టిపడి, దారి మూసేస్తుంది. లాగితే నూగుతో పాటు చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది దాని మీద ఐదు నిమిషాలు ఉంచండి, తనంతట తాను నాని వదులుతుంది. తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, కొంచెం వాజిలిన్ రాయండి. అయితే పొట్ట వైపు ఇంకొంచెం ముందుగా నల్లటి చిన్న పొక్కు లాంటిది కనిపిస్తుంది. అది బొడ్డు. రెట్ట అనుకుని దాన్ని గిల్లితే పేగులు బయటికొచ్చే ప్రమాదముంది. ముట్టుకోకండి.

ప్రశ్న: అమ్మమ్మగారూ, నేను ఆరో తరగతి చదువుతున్నాను. మా చిట్టి పుట్టి రెండు రోజులైంది. దాని కాళ్ళు రెండూ చెరో పక్కకి జారిపోతున్నాయి, కప్పలాగా పడుకునే ఉంటోంది. పెట్టెలో న్యూస్‌పేపర్ వేశాం. చిట్టి బతుకుతుందా?

జవాబు: నాన్నా, నీ ఉత్తరం అందిన రోజే నీకు జవాబు పంపించాను. ఇదే బాధ పడుతున్న మిగతావాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. పుట్టిన రెండు మూడు రోజుల్లోపే పట్టించుకుంటే ఇలాంటి పిల్లలు చాలావరకు చక్కగా నడుస్తాయి. ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి, ఎలా సర్దితే అలా కుదురుకుంటాయి.

ముందు ఆ పేపర్ తీసెయ్యి. నున్నటి కాగితం మీద పాదానికి పట్టు దొరకదు, కాళ్ళు విడిపోయేది చాలాసార్లు దానివల్లే. గరుకైన తువ్వాలు ముక్క పరుచు. తర్వాత అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకో, ఈ పనికి నాలుగు చేతులు కావాలి. ఒకళ్ళు చిట్టిని తువ్వాల్లో చుట్టి, కాళ్ళు మాత్రం బయటికుంచి పట్టుకోవాలి. చిన్న గాయాలకి వేసే బ్యాండేజ్ పట్టీని నిలువునా సన్నగా చీల్చి, మధ్యలో ఉన్న మెత్తటి దూది భాగం రెండు కాళ్ళ నడుమ వచ్చేలా, పట్టీ చివరలు రెండూ పాదాలకి కాస్త పైన ఒక్కో కాలికి ఒకటి చుట్టాలి. కాళ్ళ మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఎడం ఉండాలి, మామూలు పిల్ల నిలబడితే ఎంత ఉంటుందో అంత. బిగించకూడదు. పాదం ఉబ్బినా, రంగు మారినా వెంటనే విప్పెయ్యాలి.

మొదట్లో చిట్టి ముందుకి బోర్లా పడుతుంది. అప్పుడు నీకు ఏడుపొస్తుంది, పట్టీ తీసెయ్యాలనిపిస్తుంది. తియ్యకు. నీళ్ళూ మేతా ముక్కుకి అందేంత దగ్గర పెట్టు. రోజుకి నాలుగైదుసార్లు పొట్ట కింద నీ వేళ్ళు ఆనించి, పాదాలు నేలని తాకేలా నిలబెట్టు. రోజుకోసారి పట్టీ విప్పి చూసి కొత్తది వెయ్యండి. మూడు నాలుగు రోజులకి తన కాళ్ళ మీద తను నిలబడాలి, కొన్నిటికి వారం పడుతుంది. పాదం ముడుచుకుపోయి వేళ్ళ మీద కాకుండా కణుపు మీద నడుస్తుంటే అది వేరే సంగతి. అందులో బి2 విటమిన్ లోపం ఉండొచ్చు. డాక్టరుకి చూపించి విటమిన్ చుక్కలు తెచ్చుకోవాలి.

చిట్టిని ముద్దు పెట్టుకుంటున్నావని రాశావు. ముద్దు మాత్రం వద్దు నాన్నా. ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్లలో కూడా సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. ఐదేళ్ళలోపు చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ళని దూరం నుంచి చూడనివ్వు.

ప్రశ్న: మా పిల్లలకి నాలుగో వారం. రెండింటి రెట్టలో రక్తం కనిపిస్తోంది, ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటున్నాయి. బి-కాంప్లెక్స్ నీళ్ళలో కలిపి ఇస్తున్నాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మీరు రాసిన వయసూ లక్షణాలూ చూస్తే ఇది రక్తపారుడు అనిపిస్తోంది, కాక్సిడియోసిస్ అంటారు, పేగుల్లో చేరే ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. దీనికి ఇంటి వైద్యం చెప్పను. పిల్లలు రెండు మూడు రోజుల్లోనే చేయిదాటిపోతాయి. తాజా రెట్ట కొంచెం కవర్లో వేసుకుని ఇవాళే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి, పరీక్ష చేసి చెప్తారు. మామూలుగా ఆంప్రోలియం అనే మందు తాగే నీళ్ళలో కలిపి ఇస్తారు. మోతాదు ఆయన చెప్పినట్టే. ఆ మందు బి1 విటమిన్‌ని పరాన్నజీవికి అందకుండా అడ్డుకుని పనిచేస్తుంది. కాబట్టి అది ఇస్తున్నన్ని రోజులూ మీ బి-కాంప్లెక్స్ ఆపాలి, లేకపోతే మందు బలం తగ్గిపోతుంది. కోర్సు అయ్యాక మళ్ళీ ఇవ్వొచ్చు.

మందు ఎంత ముఖ్యమో కింద పొడిగా ఉండటం అంత ముఖ్యం. రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లు తడీ వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకి అంటుకునేలా తయారవుతాయి. నీళ్ళగిన్నె చుట్టూ తడిసిన ఊక రోజూ తీసి పారెయ్యండి. గిన్నెని ఇటుక మీద పిల్ల వీపు ఎత్తుకి పెడితే అందులో రెట్ట పడదు.

ప్రశ్న: ఇంక్యుబేటర్లో పొదిగించిన పిల్ల ఒకటి పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా ఉంది. దుర్వాసన కూడా వస్తోంది. ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: బొడ్డుకి చీము పట్టింది. మీకు అబద్ధం చెప్పలేను, దుర్వాసన వచ్చేదాకా వచ్చాక వీటిలో ఎక్కువ దక్కవు. మిగతావాటి నుంచి వెంటనే విడదీసి, బొడ్డు మీద గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ మందు అద్ది, వెచ్చగా ఉంచి, డాక్టరుని అడగండి. ఆ పిల్ల వెళ్ళిపోతే తప్పు మీ సేవది కాదు. వచ్చేసారి గుడ్లు పెట్టేముందు ఇంక్యుబేటర్ లోపలంతా కడిగి, క్రిమిసంహారక మందుతో తుడిచి, బాగా ఆరనివ్వండి. మట్టీ రెట్టా అంటిన గుడ్లు పొదగెయ్యకండి.

ప్రశ్న: నాలుగు రోజులు విడిగా ఉంచి బతికించిన పిల్లని తిరిగి గుంపులో వదిలితే మిగతావి పొడిచేస్తున్నాయి.

జవాబు: నాలుగు రోజుల్లో అది వాటికి కొత్తదైపోయింది. ఒకే పెట్టెలో మధ్యన సన్నటి వలకట్టి, ఒకపక్క దీన్నీ ఇంకోపక్క వాటినీ రెండు రోజులు ఉంచండి. ఒకదాన్నొకటి చూస్తూ, పక్కపక్కనే తింటాయి. దీనికి తోడుగా గుంపులో సాధువుగా ఉండే పిల్లని ఒకదాన్ని ఇటు వేస్తే ఇంకా మేలు. తర్వాత చీకటి పడ్డాక, అన్నీ నిద్రలో ఉన్నప్పుడు వల తీసెయ్యండి. మేతపళ్ళాలు రెండు పెట్టండి. ఒంటి మీద ఎక్కడైనా రక్తపు మరక ఉంటే మాత్రం అది మానేదాకా కలపకండి, ఎరుపు కనిపిస్తే మిగతావి అక్కడే పొడుస్తాయి. తెల్లవారగానే మొదటి పది నిమిషాలు పెట్టె పక్కనే ఉండి చూడండి. ఏదైనా పొడిస్తే అప్పుడే బయటపడుతుంది.