అల్లుడి ముత్తవ్వలను వెతకబోతున్న మేనకోడలికి

చిన్నీ,

అల్లుడి వైపు బానిసలుగా బతికిన పాత తరాల నల్లజాతి వాళ్లెవరో ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రం కోర్టు రికార్డుల్లో వెతుకుతానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఏడో నెలలో పెట్టుకోవాల్సిన పనేనా ఇది? అయినా పుట్టబోయే బిడ్డకు రెండు వైపులా పెద్దవాళ్ల పేర్లు తెలియాలని నీకు తోచిందే, అది విని కడుపు నిండిపోయింది. ఈ దేశంలో కోర్టు రికార్డ్ రూమ్‌లోనే ఉద్యోగం చేసి రిటైరైన మేనత్త ఉండగా ముందు గూగుల్‌ని అడిగావు చూడు, దానికి మాత్రం కోపం వచ్చింది.

ముందు మీ అత్తగారి దగ్గర కూర్చో. ఇది వాళ్ల ఇంటి దుఃఖం. ఆవిడ సరేనన్నాకే మొదలుపెట్టు. వంటలు, ఊళ్లు, చర్చి, శ్మశానం, ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలిచేవారు, ఆవిడ ఏది చెప్తే అది రాసుకో.

1870 జనాభా లెక్కల దాకా నువ్వే వెళ్లగలవు. బానిసత్వం నుంచి విడుదలైన వాళ్లందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసిన మొదటి లెక్క అదే. 1850, 1860ల్లో బానిసల కోసం విడిగా రాసిన పట్టీల్లో యజమాని పేరుంటుంది, వీళ్లకు వయసు, ఆడా మగా, రంగు తప్ప పేరుండదు. విడుదలైన వాళ్ల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యాంక్ ఖాతాల కాగితాలు కూడా చూడు. కొన్నిట్లో అమ్మానాన్నల పేర్లు, పాత యజమాని పేరు దొరుకుతాయి.

ఆ వెనక్కి వెళ్లాలంటే యజమాని చావు దగ్గరికి వెళ్లాలి. బతికున్నంతకాలం వాడు తన దగ్గర ఎవరెవరున్నారో కోర్టుకు చెప్పక్కర్లేదు. చచ్చాక అప్పులవాళ్లకూ వారసులకూ లెక్క తేలాలి కాబట్టి కోర్టు నియమించిన ఇరుగుపొరుగు వాళ్లు ఇల్లంతా తిరిగి ఇన్వెంటరీ, అంటే ఆస్తుల జాబితా, ధరలతో సహా రాస్తారు. కంచరగాడిద, మంచం, పత్తి, ఆ కింద మనుషులు, పక్కన డాలర్లు. చంటిబిడ్డ ఉంటే తల్లీబిడ్డా ఒకే వరస, ఇద్దరికీ కలిపి ఒకటే ధర. చాలాసార్లు ఆ బిడ్డకు పేరు కూడా రాయరు. ముసలివాళ్ల పేరు పక్కన సున్నా. అది కంటపడిన రోజు ఇంకో పేజీ తిప్పకు. రాత్రిపూట ఒక్కదానివే కూర్చుని అసలు చదవకు. నీకు ముందే బీపీ అంటున్నారు.

ఇప్పుడు ఒక టీచరమ్మ సంగతి చెప్తాను, జాగ్రత్తగా విను. మా ఆఫీసుకు తరచూ వచ్చేది, నల్లజాతి ఆవిడ, మంచి స్నేహం. వాళ్ల ముత్తవ్వ 1870 లెక్కల్లో దొరికింది. ఆవిడ ఇంటిపేరే ఉన్న తెల్ల కుటుంబం అదే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, ఉంది. (ఇంటిపేరు ఎప్పుడూ ఆఖరి యజమానిదే అయి ఉండదు సుమా, ఇక్కడ కుదిరిందంతే.) ఆ ఇంటి యజమాని అమెరికా అంతర్యుద్ధానికి ముందే పోయాడు. అతని ఇన్వెంటరీలో ముత్తవ్వ పేరు లేదు. టీచరమ్మ ఇంకేముంది, ఎవరికో అమ్మేశారని తేల్చేసింది. బంధువులంతా కలిసినప్పుడు అలాగే చెప్పింది, కాగితాలు వేయించి పంచింది కూడా. ఇక పక్క కౌంటీలన్నీ తిరిగి అమ్మకం పత్రాలు వెతకడమే పని.

ఒకరోజు తను గీసుకున్న వంశవృక్షం బొమ్మ నా ముందు పరిచి చూపించింది. యజమాని వైపు మూడు తరాలున్నాయి, అతని భార్యకు మాత్రం ఒక పేరు, అంతే. "ఆ ఇంటావిడ పుట్టిల్లు ఏది?" అన్నాను. మన పాత జమీందారీ ఇళ్లలో పెళ్లికూతురి వెంట అరణపు దాసీలను పంపేవారని మా అమ్మమ్మ చెప్పేది, అది గుర్తొచ్చి అడిగానంతే.

పుట్టిల్లు వేరే కౌంటీ. అక్కడ ఆవిడ తండ్రి వీలునామాలో ముత్తవ్వ పేరుంది. ఆమెనూ, ఆమెకు ఇకముందు పుట్టే పిల్లలనూ కూతురికి రాసి, అల్లుడి చెయ్యి పడకుండా, ఆమె తరఫున ఆస్తి చూసుకునే ట్రస్టీని పెట్టాడు పెద్దమనిషి. 1866లో చట్టం మారేదాకా జార్జియాలో మామూలుగా భార్య సొత్తు భర్తకే పోయేది, అతని అప్పులకూ పోయేది. అందుకని డబ్బున్న తండ్రులు ఇలా కట్టుదిట్టం చేసేవారు. భర్త ఆస్తి కాదు గనక అతని ఇన్వెంటరీలో ముత్తవ్వను రాయలేదు. ఆమెను ఎవరూ అమ్మలేదు. ఆ ఇంట్లోనే, ఆ వంటగదిలోనే ఉంది.

టీచరమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఏడ్చింది. వాళ్లమ్మ అప్పటికే పోయింది, అమ్మేశారన్న మాటే నమ్ముకుని.

అందుకే చెప్తున్నా, జాబితాలో పేరు లేదని చచ్చిపోయిందనో అమ్మేశారనో అనెయ్యకు. రెండు కాగితాలు ఒకే మాట చెప్పేదాకా మీ అత్తగారి చెవిన ఏదీ వెయ్యకు. ఎనభై దాటిన మనిషి. నీకు నోరాగదు, చిన్నప్పట్నుంచీ అంతే, మీ అమ్మ కొన్న చీరల ధరలన్నీ పెళ్లిపందిట్లో చెప్పేశావు.

ఇన్వెంటరీతో ఆగిపోకు. చనిపోయిన యజమాని పిల్లలు మైనర్లయితే అతని ఆస్తి ఏళ్ల తరబడి పంచకుండా ఉంటుంది, అప్పుడు ఏటేటా కోర్టుకు లెక్కలు అప్పజెప్పాలి. జార్జియాలో వాటిని యాన్యువల్ రిటర్న్స్ అంటారు. కొత్త సంవత్సరం రాగానే ఎవరిని ఎవరికి కిరాయికి ఇచ్చారో, ఎవరికి బూట్లు కొన్నారో వాటిలో దొరుకుతుంది. ఒక్కోసారి మంత్రసానికి ఇచ్చిన డబ్బు రసీదు ఉంటుంది, దాని మీద తల్లి పేరు, తేదీ. ఆ పుట్టిన బిడ్డకు లోకంలో ఇంకెక్కడా పుట్టినతేదీ ఉండదు. చివర్లో పంపకం కాగితం చూడు, తల్లి ఏ వాటాలోకి పోయిందో, పిల్లలు ఏ వాటాలోకి పోయారో ఉంటుంది. పక్కన అల్లుణ్ణి కూర్చోబెట్టుకుని చదువు.

చాలా రికార్డు పుస్తకాలు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లో ఉచితంగానే చూడొచ్చు. మిగతావాటికి కౌంటీకి వెళ్లాల్సి వస్తే ఒక్కదానివే కారేసుకుని బయల్దేరకు. నేనొస్తాను, ఆ చేతిరాత నాకు అలవాటే. పులిహోర కలిపి తెస్తాను. రికార్డ్ రూమ్‌లోకి తినేవి రానివ్వరు, కార్లో తినేసి వెళ్దాం. ఏ రోజు వీలవుతుందో డాక్టర్ని అడిగి చెప్పు.

మీ మేనత్త