బూజు సారుకు మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్, మా పత్తి చేన్ల రెండు సాళ్ళ నడుమ ఒక సాలెపురుగు గూడు కట్టింది. ఒంటి మీద పసుపు పట్టీలున్నయి. గూడు నట్టనడుమ ఎవరో తెల్ల దారంతో ఇంటూ మార్కు కుట్టినట్టుంది. పత్తి ఏరే ఆడవాళ్ళు అది విషపుదని ఆ సాలు దిక్కు పోతలేరు. మందు కొట్టాల్నా?
— ఒక రైతు, నర్సంపేట

జవాబు: కొట్టకు తమ్మీ. పురుగుమందు కొడితే నీ చేనును కాపాడే పురుగే ముందు చస్తుంది. నువ్వు చూసింది ఆర్జియోప్ జాతి సాలీడు. మన వైపు పత్తి చేలల్లో, కంది సాళ్ళల్లో వానాకాలం చివర నుంచి బాగా కనిపిస్తుంది. ఎక్కువగా కనబడేది ఆర్జియోప్ అనసూజ. పేరు చూసి మన అనసూయమ్మ అనుకునేవు, ఆ పేరు 1887లో థోరెల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టింది.

దగ్గరికి పోయి చూడు. తల కిందికి పెట్టి వేలాడుతుంది. ఎనిమిది కాళ్ళను రెండేసి జతలుగా కలిపి పెడుతుంది కాబట్టి నాలుగే కాళ్ళున్నట్టు కనిపిస్తుంది. తల భాగం మీద వెండి పొడి చల్లినట్టు సన్నటి నూగు, పొట్ట మీద అడ్డంగా పసుపు, గోధుమ పట్టీలు ఉంటాయి. ఆ ఇంటూ మార్కును మాత్రం నమ్ముకోవద్దు. ఒక రోజు నాలుగు గీతలు అల్లుతుంది, ఇంకో రోజు రెండే అల్లుతుంది, ఒక్కోసారి అసలే అల్లదు. అది పురుగులను రప్పించడానికా, పిట్టలు గూడును చింపకుండా ఉండడానికా అని శాస్త్రవేత్తలు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

దీనికి పుల్చెల్లా అనే దగ్గరి చుట్టం ఉంది. వీపు ఫొటో ఒక్కటి చూసి ఈ రెండింటిలో ఏదో తేల్చి చెప్పడం నా వల్ల కాదు. గూడుకు అటు పక్కకు తిరిగి పోయి కడుపు వైపు కూడా ఒక ఫొటో తీయి. దాన్ని ముట్టే పని లేదు, గూట్లో వేలాడేదే కదా.

ఇక విషం మాట. సాలీళ్ళన్నిటికీ దాదాపు విషం ఉంటుంది, కానీ అది ఈగలకూ మిడతలకూ సరిపోయేది. చేత్తో నలిపితే తప్ప ఇది కరవదు. కరిచినా కాస్త మంట, చిన్న వాపు. ఆడవాళ్ళకు శ్రీకాళహస్తి కథ గుర్తు చెయ్యి. అందులో ‘శ్రీ’ అంటే సాలీడే, శివుడికి గూడు కట్టి మోక్షం పొందిన పురుగు. నేను చెప్పిన జువాలజీ కంటే ఆ మాటే తొందరగా పని చేస్తుంది.

ప్రశ్న: మా బాల్కనీలో లైటు దగ్గర రోజూ సాయంత్రం గూడు కడుతుంది, పొద్దున్నే మాయం. మొన్న గోధుమ రంగుది ఉంది, నిన్న బూడిద రంగుది. రెండు రకాలా అండీ?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఒకటే రకం కావచ్చమ్మా. ఇవి నియోస్కోనా జాతివి అయ్యుంటాయి. రాత్రి గూడు నడుమ కూర్చుంటాయి, తెల్లారేసరికి ఆ దారాన్ని తామే తినేసి ఆకు మడతలోనో, పైకప్పు మూలలోనో దాక్కుంటాయి. పోయిన దారం కడుపులోకే పోయింది కాబట్టి మళ్ళీ సాయంత్రం కొత్త గూడు.

వీటి దగ్గర రంగు నమ్మి నేనే మోసపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలేజీ ప్రహరీ మీద దొరికినవాటిని స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీసి, గోధుమది, నల్లది, పచ్చచారది అని మూడు పేర్లు రాసి నోటుబుక్కు నింపాను. పిల్లలు నన్ను బూజు సారు అనడం అప్పుడే మొదలైంది. తర్వాత వాటిని చూసిన ఒక పెద్దాయన ఆడవాటి కడుపు అడుగున, ముందు వైపు ఉండే గట్టి పెంకు లాంటి జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, “ఇవి మూడూ ఒకటే” అని ఆ నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టాడు. కుబుసం విడిచినప్పుడు రంగు మారొచ్చు, పిల్లకొకటి, తల్లికొకటి. ఇంకా ఎదగని సాలీడుకైతే ఎంత పండితుడైనా నియోస్కోనా అనే వరకే చెప్పగలడు, అందులో ఏ రకమో చెప్పలేడు.

ప్రశ్న: నిమ్మచెట్టు మీద పీత లాంటి చిన్న తెల్ల పురుగు. ఒంటికి ముళ్ళు!
— ఒక విద్యార్థి, పరకాల

జవాబు: ఇది మాత్రం చూడగానే చెప్పొచ్చు బిడ్డా. గట్టి బల్లపరుపు పొట్ట, తెలుపు మీద ముదురు పట్టీలు, అంచున ఆరు ముళ్ళు ఉంటే అది గాస్టెరకాంతా జెమినాటా అనే సాలీడే. లెక్కపెట్టి చూడు.

ప్రశ్న: కార్తీకంలో లక్నవరం వనభోజనానికి పోయినప్పుడు దారికి అడ్డంగా బారెడు గూడు. దారం ఎండకు బంగారం లెక్క మెరిసింది. దీనితోని బట్ట నేసిన్రంట, నిజమేనా? ఫొటో పెడుతున్న.
— ఒక నేతన్న, కొత్తవాడ, వరంగల్

జవాబు: అన్నా, నల్లటి పొట్ట మీద నిలువునా పసుపు గీతలు, కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపు మచ్చలు. నెఫిలా పిలిపెస్, మన అడవుల్లో గుండ్రటి గూడు అల్లే సాలీళ్ళలో పెద్దది ఇదే. ఆడదాని ఒళ్ళే 3 నుంచి 5 సెంటీమీటర్లు, కాళ్ళు చాపితే అరచెయ్యంత. దారానికి ఆ రంగు పుట్టుకతోనే వస్తుంది.

బట్ట సంగతి నిజమే. మడగాస్కర్‌లో దీని బంధువులను 10 లక్షలకు పైగా పట్టి, దారం లాగి, మళ్ళీ వదిలేసి, 11 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న బట్ట నేశారు. రంగు అద్దకుండానే బంగారు వన్నె. 2009లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. కొత్తవాడ దర్రీల మగ్గానికి మాత్రం పనికిరాదు. పట్టుపురుగుల్లా తట్టలో పెంచుదామంటే ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి.

నువ్వు పంపిన ఫొటోలో గూడు పై మూలన, అర సెంటీమీటరు ఎర్రటి చుక్క ఉంది చూశావా? చెత్త అంటుకుందనుకొని ఉంటావు. అది దాని మొగుడు.